అరచేతిలో ఏ4 కాగితం: సరిహద్దు ఒడిశా విద్యార్థుల కంటి అలసట వెనుక ఉన్న లెక్క

ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. మామూలు స్మార్ట్‌ఫోన్ తెర వెడల్పు ఏడు సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఉపాధ్యాయుడు అచ్చయిన నోట్సును పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపులో పెడితే, ఆ కాగితం విద్యార్థి చేతికి వచ్చేసరికి మూడో వంతుకు కుంచించుకుపోతుంది. పుస్తకంలో 12 పాయింట్లున్న (పాయింటు అంటే అక్షరం సైజును కొలిచే ప్రమాణం) అక్షరం ఫోనులో 4 పాయింట్లవుతుంది. మందుల పెట్టెలో మడిచి పెట్టే కాగితం మీది అక్షరాలు కూడా అంత చిన్నవి కావు. పుస్తకాన్ని 40 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకుని హాయిగా చదివే పిల్లకు ఆ అక్షరం ఫోనులోనూ అంతే పెద్దదిగా కనిపించాలంటే, ఫోను ముఖానికి 13 సెంటీమీటర్ల దగ్గరికి రావాలి.

కరోనా కాలంలో ఆంధ్రప్రదేశ్ సరిహద్దున ఉన్న ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల తెలుగు ఇళ్లలో తరచుగా వినిపించిన ఫిర్యాదుకు మూలం ఈ చిన్న లెక్కలోనే ఉంది. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. పై తరగతులు మధ్యలో కొంతకాలం తెరిచినా, చిన్న తరగతుల పిల్లలు బడి మెట్లెక్కేసరికి 2022 ఫిబ్రవరి అయింది. ఆ రెండేళ్లలో పిల్లలు కళ్లు లాగుతున్నాయన్నారు, సాయంత్రమయ్యేసరికి తలనొప్పి అన్నారు, కళ్లలో ఇసుక పడ్డట్టుందన్నారు. ‘ఎప్పుడూ ఆ ఫోనేనా’ అని పెద్దలు కసురుకున్నారు. నింద పిల్లల అలవాటు మీద పడింది. పాఠాన్ని ఏ రూపంలో పంపుతున్నాం, అది ఎంత తెర మీద, ఎంత దూరం నుంచి, ఏ వెలుగులో చదవాల్సి వస్తుంది అన్న ప్రశ్న మాత్రం దాదాపు ఎవరూ వేయలేదు. బడులు తెరిచాక కూడా హోంవర్కు వాట్సాప్‌లోనే వస్తోంది. తుపాను సెలవుల్లో, ఎండల సెలవుల్లో, పోటీ పరీక్షల శిక్షణలో ఆ చిన్న తెరే తరగతి గది అవుతోంది. కాబట్టి ఆ ప్రశ్న పాతబడలేదు.

దూరపు వస్తువును చూసేటప్పుడు కంటి లోపలి కటకం పలచగా, విశ్రాంతిగా ఉంటుంది. దగ్గరి వస్తువును చూడాలంటే కటకం చుట్టూ ఉన్న సిలియరీ కండరం బిగుసుకోవాలి. అప్పుడు కటకం ఉబ్బి, దగ్గరి అక్షరం మీద చూపు నిలుస్తుంది. ఈ శ్రమను డయాప్టర్లలో కొలుస్తారు. ఒకటిని మీటర్లలో ఉన్న దూరంతో భాగిస్తే ఆ సంఖ్య వస్తుంది. మూడు మీటర్ల దూరంలో ఉన్న టీవీని చూడటానికి కంటికి పడే శ్రమ డయాప్టరులో మూడో వంతు. 40 సెంటీమీటర్ల దూరంలోని పుస్తకానికి రెండున్నర డయాప్టర్లు. 20 సెంటీమీటర్ల దూరంలోని ఫోనుకు అయిదు. అదే 13 సెంటీమీటర్లయితే ఏడున్నర దాటుతుంది. టీవీతో పోలిస్తే ఇరవై రెట్లకు పైగా శ్రమ! ‘తెర’ అన్న ఒకే మాటతో టీవీనీ ఫోనునూ కలిపి తిట్టడం ఎంత పొరపాటో ఈ అంకెలే చెబుతాయి. కంటి కండరానికి తెలిసింది దూరమే. తెర ధర ఎంతో, దాని మీద పాఠముందో సినిమా ఉందో దానికి అనవసరం.

రెండు కళ్లూ ఒకే అక్షరం మీద నిలవాలంటే ముక్కు వైపుకు తిరగాలి కూడా. వస్తువు దగ్గరయ్యే కొద్దీ ఈ తిరుగుడు పెరుగుతుంది. లోపలి కండరమూ బయటి కండరాలూ గంటల తరబడి బిగిసి ఉంటే, పాఠం అయ్యాక తల ఎత్తి గోడ గడియారం చూసినప్పుడు అది కాసేపు మసకగా కనిపిస్తుంది. బిగిసిన కండరం వెంటనే సడలకపోవడమే దీనికి కారణం. నుదుటి దగ్గర, కణతల దగ్గర నొప్పి కూడా ఈ కోవలోదే.

పెద్దలకు ఇది ఎందుకు పట్టుబడదో కూడా ఇక్కడే తెలుస్తుంది. పదేళ్ల పిల్ల కంటికి పన్నెండు డయాప్టర్లకు మించిన సత్తా ఉంటుంది. ముక్కుకు ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్ల దూరంలోని అక్షరాన్ని సైతం ఆ వయసులో స్పష్టంగా చూడగలరు. నలభై దాటిన తండ్రికి ఆ సత్తా అయిదారు డయాప్టర్లకు పడిపోతుంది. అందుకే ఆయన ఫోనును చేయి చాపి పట్టుకుంటాడు. దగ్గరగా పెట్టుకోవడం ఆయనకు సాధ్యమే కాదు కాబట్టి, పిల్ల అలా పెట్టుకుంటే అది మొండితనంలా కనిపిస్తుంది. పిల్ల కన్ను ఆ దూరాన్ని భరించగలదు. అయితే కాసేపు భరించడం వేరు, రోజూ నాలుగు గంటలు భరించడం వేరు. ఉన్న సత్తాలో సగానికి లోపు వాడుకుంటేనే చాలాసేపు హాయిగా చదవడం కుదురుతుందని కంటి పరీక్షకులు లెక్క వేస్తారు. 13 సెంటీమీటర్ల దూరంలో చదివే పిల్ల ఆ సగాన్ని దాటిపోతోంది.

సరిహద్దు జిల్లాల పిల్లలకు ఈ భారం మీద మరొకటి పడుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పై చదువుకు ఇంగ్లిషు: మూడు లిపులు. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, బరంపురం ప్రాంతాల్లో తెలుగు ఇళ్ల నుంచి వచ్చి ఒడియాలో చదివే పిల్లలు చాలామంది. ఒడియా అక్షరాలు చాలావాటికి పైన గొడుగు లాంటి వంపు ఉంటుంది. ఒక అక్షరాన్ని ఇంకో అక్షరం నుంచి వేరు చేసే భాగం ఆ గొడుగు కింద కొద్ది చోటులో ఇమిడి ఉంటుంది. తెలుగులోనూ ద, ధ, డ, ఢ, ప, ఫ జంటల్లో తేడా ఒక చిన్న గీతే. ఒత్తులు అక్షరం కిందకు చేరి మరింత చిన్నవవుతాయి. 12 పాయింట్లలో స్పష్టంగా ఉన్న ఆ గీత 4 పాయింట్లలో, అందులోనూ వాట్సాప్ కుదించిన ఫొటోలో, చుక్కలా కలిసిపోతుంది. ఇంగ్లిషు పదాన్ని దాని ఆకారం బట్టి పోల్చుకునే వీలు కొంత ఉంటుంది. ఇంట్లో మాట్లాడని భాషలో, కొత్తగా నేర్చుకుంటున్న లిపిలో పాఠం చదివే పిల్లకు అలా ఊహించి ముందుకు పోయే సౌకర్యం తక్కువ. ప్రతి అక్షరాన్నీ చూసి తీరాలి. చూడాలంటే ఫోను ఇంకా దగ్గరికి రావాలి. తెలుగు మాధ్యమం పిల్లలకు పాఠ్యపుస్తకం సమయానికి అందని చోట పుస్తకమంతా పీడీఎఫ్‌గానే చేరితే, కష్టం ఏడాది పొడవునా సాగుతుంది.

కంటి అలసటలో ఇది ఒక సగం. రెండో సగం రెప్పలకు సంబంధించింది.

మామూలుగా నిమిషానికి పదిహేను సార్లు, కొంచెం అటూ ఇటూగా, రెప్పలు ఆర్పుతాం. తెర మీద ధ్యాస నిలిపి చదివేటప్పుడు అది అయిదు నుంచి ఏడుకు పడిపోతుందని పరిశీలనల్లో తేలింది. ఆర్పినవి కూడా చాలాసార్లు సగమే మూసుకుంటాయి. కంటి మీద కన్నీరు మూడు భాగాలతో కూడిన పలచని పూతగా పరుచుకుని ఉంటుంది: కంటికి అంటుకునే జిగురు, దాని మీద నీరు, ఆ నీరు ఆవిరి కాకుండా పైన నూనె. నూనెను ఇచ్చేవి రెప్ప అంచుల్లోని సన్నటి గ్రంథులు. రెప్ప పూర్తిగా మూసుకుంటేనే అవి నూనెను సరిగా వదులుతాయి. ఆరోగ్యమైన కంటిలో ఈ పూత రెప్ప ఆర్పిన తరువాత పది సెకన్లో, ఇంకొంచెం ఎక్కువో చెదరకుండా నిలుస్తుంది. నిమిషానికి పదిహేను సార్లు ఆర్పితే నాలుగు సెకన్లకోసారి పూత కొత్తదవుతుంది. అయిదుసార్లే ఆర్పితే మధ్యలో పన్నెండు సెకన్లు గడుస్తాయి. అంటే పూత చిరిగిపోయిన తరువాత కూడా కన్ను తెరిచే ఉంటోంది. మంట, గరగర, ఎర్రదనం అలా వస్తాయి. కొందరికి కంటి నుంచి ధారగా నీళ్లు కారతాయి. ‘నీళ్లు కారుతుంటే పొడిబారడమేమిటి’ అని పెద్దలు నమ్మరు. పొడిబారిన కంటికి మంట పుట్టి, ఆ మంటకు స్పందనగా ఊరే నీరది. అందులో నూనె పాలు తక్కువ కాబట్టి కంటి మీద నిలవదు.

కోరాపుట్, సునాబెడ దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి ఊళ్లు. చలికాలంలో అక్కడ గాలి పొడిగా ఉంటుంది, కన్నీటి పూత ఇంకా త్వరగా ఆరుతుంది. బరంపురం, ఛత్రపురం, గోపాలపురం తీరంలో గాలిలో తేమ ఎక్కువ; కానీ ఆ ఉక్కకు పిల్లలు ఫ్యాను కిందే కూర్చుంటారు, ముఖం మీదకు నేరుగా గాలి కొడుతుంది. కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో పొగ తోడవుతుంది. పొయ్యి రాజేసే వేళ, ఫోను చేతికి దొరికే వేళ చాలా ఇళ్లలో ఒకటే కావడం పిల్లల దురదృష్టం.

ఆ ఫోను దొరికే వేళ సంగతి వివరంగా చెప్పుకోవాలి. బడి పిల్లలున్న గ్రామీణ ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉన్నవి దేశం మొత్తం మీద 2018లో 36.5 శాతం, 2020లో 61.8 శాతం అని గ్రామీణ పిల్లల చదువుపై జరిగే అసర్ సర్వే తేల్చింది. పెరుగుదల పెద్దదే. కానీ 2021 సర్వే ప్రకారం, ఇంట్లో స్మార్ట్‌ఫోను ఉన్నా 26 శాతం పిల్లలకు అది చదువు కోసం అసలు అందలేదు. గంజాం జిల్లా మగవాళ్లు సూరత్ మరమగ్గాలకు వలస వెళ్లడం దశాబ్దాల నాటి సంగతి. తండ్రితో పాటు ఇంట్లోని మంచి ఫోనూ వెళ్లిపోతుంది. తీరంలోని తెలుగు మత్స్యకార కుటుంబాల్లో ఫోను వేటకు వెళ్లినవారి దగ్గర ఉంటుంది. కూలికి వెళ్లిన తల్లి చీకటి పడ్డాక వస్తుంది. పొద్దున పది గంటలకు గ్రూపులో పెట్టిన పాఠాన్ని పిల్ల రాత్రి ఎనిమిదికి తెరుస్తుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే వంతులవారీగా తెరుస్తారు, ఆఖరి వంతు పదకొండుకు వస్తుంది. అప్పటికి ఇంట్లో దీపం ఆర్పేస్తే, మిగిలేది చీకటి గదిలో మెరిసే తెర ఒక్కటే. చుట్టూ చీకటి ఉంటే కంటిపాప పెద్దదవుతుంది, తెర వెలుగు గుచ్చుకుంటుంది, చూపు అక్షరం మీద నిలపడం కష్టమవుతుంది. నిద్ర చెడటం అదనం.

2021 సెప్టెంబరు చివరలో గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటినప్పుడు గజపతి, రాయగడ, కోరాపుట్ వైపు కూడా గాలివానలు ముంచెత్తాయి. కరెంటు లేని రోజుల్లో ఛార్జింగు మిగుల్చుకోవడానికి తెర వెలుగు బాగా తగ్గించి చదివిన పిల్లలకు ఇంకో రకం శ్రమ: వెలుగూ చీకటీ తేడా తగ్గిన అక్షరాన్ని కన్ను వెతుక్కుంటుంది. దీనికి పూర్తిగా ఎదురు పరిస్థితి కొండల మీద. మల్కన్‌గిరి, రాయగడ అడవి గ్రామాల పిల్లలు సిగ్నల్ కోసం కొండెక్కి, ఎండలో కూర్చుని పాఠాలు వినేవారు. 2021 ఆగస్టులో రాయగడ జిల్లాలో అలా కొండెక్కిన ఓ విద్యార్థి జారిపడి ప్రాణమే పోగొట్టుకున్నాడు. కంటి మంట గురించి రాస్తున్న చోట ఆ మరణాన్ని ఒక వాక్యంలో దాటిపోవడం మనసుకు కష్టంగా ఉంది. పాఠం పంపే పద్ధతి తప్పయితే నష్టం ఎంతదాకా పోగలదో అది చెబుతుంది.

కేంద్ర విద్యాశాఖ 2020 జూలైలో ‘ప్రజ్ఞత’ పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజుకు రెండు, తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగు ఆన్‌లైన్ తరగతులకు మించకూడదని, ఒక్కొక్కటి 30 నుంచి 45 నిమిషాలే ఉండాలని అందులో ఉంది. బడికి ముందు వయసు వారికి 30 నిమిషాలు. ఉద్దేశం మంచిదే. కానీ ఈ పరిమితి తెర మీద అప్పటికప్పుడు నడిచే ఆన్‌లైన్ తరగతికి మాత్రమే. భువనేశ్వర్‌లోని ప్రైవేటు బడికి అది వర్తిస్తుంది. జూమ్ తరగతి అన్నదే లేని కాశీనగర్ బడికి దానితో పనేముంది? ఒడిశా ప్రభుత్వ బడుల్లో 2020 వేసవి నుంచి వాట్సాప్ ద్వారా పాఠాలు పంపే ‘శిక్షా సంజోగ్’ నడిచింది. అక్కడ పిల్ల తెర ముందు గడిపిన సమయాన్ని లెక్కించినవారు లేరు. పదిహేను నిమిషాల వీడియో చూసి, తరువాత గంటన్నర పాటు ఫొటోలోని నోట్సును పుస్తకంలోకి దించుకోవడం: కంటికి అసలు భారం ఆ దించుకోవడంలోనే ఉంది. ఫోను చూడటం, పుస్తకం చూడటం, మళ్లీ ఫోను. తెర కాసేపటికోసారి ఆరిపోతుంటుంది, వేలితో తాకి మళ్లీ వెలిగించాలి. రెండు వేళ్లతో పెద్దది చేస్తే వాక్యం చివర తెర బయటికి పోతుంది, పక్కకు జరపాలి. చిరాకు పుట్టి, పెద్దది చేయడం మానేసి, ఫోనునే కళ్ల దగ్గరికి తెచ్చుకుంటారు. నిమిషాలు తగ్గించమని చెప్పే ఏ నియమమూ ఈ పనిని తాకలేదు.

ఈ అలసట తాత్కాలికమని, రాత్రి నిద్రపోతే తగ్గుతుందని వైద్యులు ధైర్యం చెబుతారు. మంట, తలనొప్పి వరకు అది నిజం. ఆ ముసుగులో పెరిగే హ్రస్వదృష్టి మాత్రం తాత్కాలికం కాదు. దూరపు చూపు మసకబారే ఈ లోపంలో కనుగుడ్డు పొడవు పెరుగుతుంది. పెరిగిన పొడవు తగ్గదు. చైనాలోని ఫైచెంగ్ నగరంలో ఏటా బడి పిల్లల కళ్లు పరీక్షిస్తారు. 2015 నుంచి 2019 దాకా ఆరేళ్ల పిల్లల్లో హ్రస్వదృష్టి ఎన్నడూ 5.7 శాతం దాటలేదు. నెలల తరబడి ఇంట్లో ఉండి చదివిన తరువాత 2020లో అది 21.5 శాతానికి ఎగబాకింది. పదేళ్లు దాటిన పిల్లల్లో మాత్రం మార్పు స్వల్పం. 2021లో వెలువడిన ఈ అధ్యయనాన్ని జాగ్రత్తగా చదవాలి: పరీక్షకు ముందు కంటి కండరాన్ని సడలించే చుక్కలు వేయలేదు కాబట్టి, బిగిసిన కండరం చూపే దొంగ హ్రస్వదృష్టి కొంత అందులో కలిసి ఉండవచ్చు. తెర వల్ల ఎంత, ఇంట్లో బందీలుగా ఉండటం వల్ల ఎంత అని విడదీసి చెప్పడమూ సాధ్యం కాలేదు. అయినా ఆరేడేళ్ల కళ్లు మిగతా వారి కంటే సున్నితమని అది గట్టిగానే చెప్పింది. సరిగ్గా ఆ వయసు పిల్లలే ఒడిశాలో అందరికంటే ఆలస్యంగా బడికి తిరిగి వెళ్లారు.

ఆరుబయటి వెలుగు ఇక్కడ అన్నిటికంటే బలమైన రక్షణ. చైనాలోనే గ్వాంగ్‌జౌ నగరంలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాలు బయట గడిపే ఏర్పాటు చేసి మూడేళ్లు గమనిస్తే, వారిలో 30.4 శాతానికి హ్రస్వదృష్టి వచ్చింది. ఆ ఏర్పాటు లేని బడుల్లో 39.5 శాతం. వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. బయటి వెలుగు పదివేల లక్స్‌కు మించి ఉంటుంది. ఇంటి గదిలో అది అయిదు వందలు కూడా దాటదు. వెలుగు వల్ల కంటి లోపలి పొరలో డోపమైన్ అనే రసాయనం ఎక్కువగా విడుదలై కనుగుడ్డు సాగకుండా ఆపుతుందన్నది శాస్త్రజ్ఞుల అంచనా. రాయగడ, గుణుపురం ఎండల్లో పిల్లను మిట్టమధ్యాహ్నం బయట నిలబెట్టమని ఎవరూ చెప్పరు. చెట్టు నీడన కూడా గదిలో కంటే ఎన్నో రెట్ల వెలుగు ఉంటుంది. ఉదయం, సాయంత్రం చాలు. పల్లె పిల్లలకు ఈ వరం ముందు నుంచీ ఉంది. బడి మూసి, ఫోను ఇచ్చి, ఇంట్లోంచి కదలొద్దన్న రోజుల్లో దాన్నే లాగేసుకున్నాం.

ఇక మార్కెట్లో అమ్ముడయ్యే పరిష్కారాల విషయం. నీలి కాంతిని ఆపే కళ్లద్దాలు కంటి అలసటను తగ్గిస్తాయన్న ప్రచారం బరంపురం కళ్లజోళ్ల దుకాణాల దాకా వచ్చింది. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 17 ప్రయోగాలను కలిపి చూసిన సమీక్ష 2023లో వచ్చింది: మామూలు అద్దాలతో పోలిస్తే స్వల్పకాలంలో వీటివల్ల అలసట తగ్గుతున్నట్టు కనిపించలేదు. తెర నుంచి వచ్చే నీలి కాంతి పగటి వెలుగులో ఉన్నదానితో పోలిస్తే అత్యల్పం. కూలి డబ్బుతో వాటిని కొనడం వృథా. ఆ డబ్బుతో నోట్సు ప్రింటు తీయిస్తే కంటికి నిజంగా మేలు.

వృథా ఖర్చు కంటే భయపడాల్సింది చుక్కల మందు. కన్ను ఎర్రబడితే మెడికల్ షాపుకు వెళ్లి ‘కంటి చుక్కలు’ అడిగి తెచ్చుకోవడం ఊరూరా ఉంది. అలా ఇచ్చేవాటిలో స్టెరాయిడ్ కలిసినవి ఉంటాయి. వేసిన పూటకే ఎరుపు తగ్గుతుంది, హాయిగా ఉంటుంది. అందుకే మళ్లీ మళ్లీ వేస్తారు. వారాలు, నెలలు వాడితే కంటి లోపలి ఒత్తిడి పెరిగి నీటికాసుల జబ్బు (గ్లకోమా) రావచ్చు, పిల్లల్లో సైతం శుక్లం రావచ్చు. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు. రెప్పలు ఆర్పితే తగ్గే మంటకు చూపునే పణంగా పెట్టడమది. ఆకు పసరు పిండటం కూడా అంతే ప్రమాదం. నల్లగుడ్డు మీద పుండుకు దారి తీస్తుంది.

ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరాన్ని ఇరవై సెకన్ల పాటు చూడమనే సూత్రం అందరికీ తెలిసిందే. ఇరవై సెకన్లే సరిపోతాయనడానికి గట్టి ఆధారాలు తక్కువ. దూరం చూస్తే కండరం సడలుతుందన్న మూలసూత్రం మాత్రం సరైనదే. ఒంటి గది ఇంట్లో ఇరవై అడుగులు ఉండవు. గుమ్మంలోకి వచ్చి నిలబడాలి. గజపతి జిల్లాలో గుమ్మం దాటితే ఏదో ఒక కొండ కనిపిస్తుంది, కంటికి అంతకంటే మంచి దూరం లేదు. ఆ కాసేపూ రెప్పలు గట్టిగా, పూర్తిగా మూసి తెరిస్తే కన్నీటి పూత కూడా కొత్తదవుతుంది.

ఇవన్నీ పిల్ల చేయాల్సినవి. పంపేవారు చేయాల్సింది ఇంతకంటే ఎక్కువ ఫలితమిస్తుంది. ఏ4 పేజీని ఫొటో తీసి పెట్టే బదులు, అదే నోట్సును వాట్సాప్‌లో సందేశంగా టైపు చేస్తే అక్షరం ఫోనుకు తగ్గట్టు అమరుతుంది, ఫోను సెట్టింగులలో అక్షరాల సైజు పెంచుకుంటే అవీ పెరుగుతాయి, పక్కకు జరపాల్సిన పని ఉండదు. ఒడియా, తెలుగు రెండింటిలోనూ నోటి మాటను అక్షరాలుగా మార్చే సదుపాయం ఫోన్లలో ఉంది కాబట్టి ఉపాధ్యాయుడికి శ్రమ కూడా పెద్దగా పెరగదు. ఫొటో తప్పదనుకుంటే పేజీని సగానికి, వీలైతే మూడు ముక్కలుగా తీయాలి. ఫోనును అడ్డంగా పట్టుకుంటే తెర వెడల్పు ఏడు నుంచి పదిహేను సెంటీమీటర్ల దాకా అవుతుంది, అక్షరం దాదాపు రెట్టింపవుతుంది. పైసా ఖర్చు లేని ఈ ఉపాయాన్ని పిల్లలకు ఒక్కసారి చేసి చూపిస్తే చాలు. దించుకోమని చెప్పే పనిని వీలైనంత తగ్గించాలి. పాఠం పదిహేను నిమిషాలు, దించుకోవడం గంటన్నర అన్న లెక్క చదువుకూ మేలు చేయదు, కంటికీ చేయదు.

అన్నిటికంటే విలువైన పాఠం చెవికి చెప్పింది. 2020 సెప్టెంబరు 28న ఒడిశాలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు ఆకాశవాణిలో ‘రేడియో పాఠశాల’ మొదలైంది. సిగ్నల్ కోసం కొండెక్కే పని లేదు, డేటా ఖర్చు లేదు, కంటికి శ్రమ సున్నా. వింటూ వాకిట్లో తిరగవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు అదే సమయంలో సప్తగిరి, యాదగిరి దూరదర్శన్ చానళ్లలో పాఠాలు ప్రసారం చేశాయి. సరిహద్దు తెలుగు ఇళ్లలో టీవీలో తెలుగు చానళ్లు వస్తాయి. పాఠ్యప్రణాళిక వేరైనా లెక్కలు, సైన్సు భావనలు తల్లిభాషలో, మూడు మీటర్ల దూరం నుంచి వినే అవకాశమది. ఇలాంటివాటిని ‘ఫోను లేనివారికి ప్రత్యామ్నాయం’ అని తక్కువ చేసి చూశారు. కంటి వైపు నుంచి చూస్తే అవే మెరుగైన పద్ధతులు. కథ, చరిత్ర, పద్యం, భాష, సామాజికం చెవితో నేర్చుకోదగినవి. వాటిని ఆడియోగా పంపి, బొమ్మ తప్పనిసరి అయిన జ్యామితికి, రేఖాపటానికి తెరను మిగిల్చితే కంటి భారం చాలా తగ్గుతుంది. రేపు మరో తుపానుకో వడగాలులకో బడులు మూసినప్పుడు ఈ విభజన ముందే సిద్ధంగా ఉండాలి. అది బ్లాకు స్థాయి విద్యాధికారి ఒక పూటలో తేల్చగల పని.

పిల్ల చెప్పే ప్రతి బాధకూ ఫోనే కారణమనుకోవడం కూడా తప్పుదారే. దూరపు చూపు బాగానే ఉన్నట్టు కనిపిస్తూ లోపల ప్లస్ పవర్ (దగ్గర చూడటానికి కన్ను ఎక్కువ శ్రమపడే లోపం) దాగి ఉన్న పిల్లలు ఉంటారు. పుస్తకంతో నెట్టుకొచ్చిన వారు ఫోనుతో తలనొప్పిపాలవుతారు. నల్లగుడ్డు వంపు అన్ని వైపులా ఒకేలా లేక సిలిండర్ పవర్ ఉన్నవారికి అక్షరం నీడ పడ్డట్టు కనిపిస్తుంది. సాయంత్రం కాగానే తడబడే పిల్లకు రేచీకటి ఉందేమో, విటమిన్ ఏ లోపం ఉందేమో చూడాలి. ఒక కన్ను మాత్రమే బలహీనంగా ఉంటే ఆ సంగతి పిల్లకే తెలియదు, మంచి కన్ను పని జరిపిస్తుంటుంది. ఒక్కో కన్నూ అరచేతితో మూసి గోడ మీది క్యాలెండర్ చదివించి చూస్తే ఇంట్లోనే పసిగట్టవచ్చు. ఏడెనిమిదేళ్లలోపు పట్టుకుంటే ఆ కంటిని బాగుచేయడం తేలిక.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికోసారి బడికి వచ్చి చూపు పరీక్షించాలి. బడి మూతపడితే ఆ పరీక్షా ఆగింది. కానీ ఉపాధ్యాయులే మొదటి పరీక్ష చేయగలరని రాయగడ జిల్లా ఏనాడో నిరూపించింది. ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ అక్కడ ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, వారి చేత లక్షన్నరకు పైగా విద్యార్థుల చూపును పరీక్ష చేయించింది. లోపం అనుమానించిన వారినే తరువాతి దశలో నిపుణులు చూశారు. ఇలాంటి పరీక్షకు నాలుగు వైపులకూ తిప్పి గీసిన ఇంగ్లిషు ‘E’ ఆకారపు పట్టిక చాలు. ఏ లిపీ రాని పిల్ల కూడా గీతలు ఎటు ఉన్నాయో వేలితో చూపగలదు. మూడు లిపుల జిల్లాలకు ఇంతకంటే తగిన పట్టిక లేదు.

పరీక్షకు తీసుకెళ్లిన తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సిన విషయం ఒకటుంది. శిబిరాల్లో యంత్రం ముందు గడ్డం ఆనించి తీసే పవర్ పిల్లల విషయంలో తుది మాట కాదు. రోజంతా ఫోను చూసి బిగిసిన కండరం యంత్రాన్ని కూడా మోసగించి, లేని మైనస్ పవర్ చూపిస్తుంది. ఆ అద్దాలు పెట్టుకుంటే కండరం ఇంకా శ్రమపడుతుంది, తలనొప్పి పెరుగుతుంది. కండరాన్ని సడలించే చుక్కలు వేసి పరీక్షించమని అడగాలి. ఆ రోజు వెలుగు చూడలేకపోయినా, దగ్గరి అక్షరాలు మసకబారినా కంగారు పడనక్కర్లేదు, చుక్కల బలం తగ్గాక అవే సర్దుకుంటాయి. పర్లాకిమిడి వారు పాతపట్నానికో శ్రీకాకుళానికో, రాయగడ వారు పార్వతీపురానికో విశాఖపట్నానికో వెళ్లడం మామూలు. ఒకసారి ఒడిశాలో, మరోసారి ఆంధ్రలో చూపించుకున్నప్పుడు పాత చీటీ ఇంటి దగ్గరే ఉండిపోతుంది. దాన్ని ఫొటో తీసి ఫోనులో దాచుకోవాలి. మైనస్ పవర్ ఏడాదిలో అర డయాప్టరుకు మించి పెరుగుతుంటే, వేగం తగ్గించడానికి తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు వాడాలా అని వైద్యులు ఆలోచిస్తారు. నిరుడు ఎంత ఉందో తెలియకపోతే ఆ నిర్ణయం మరో ఏడాది వెనక్కి పోతుంది.